పడవ వాటా పోగా మిగిలిన చోటు

కరోనా వచ్చిన మొదటి ఏడాది, వానలు పడే రోజుల్లో, బందరులో ఏ పనులు ఆగకూడదో, ఏవి ఆగినా పర్వాలేదో పెద్దలు బాగా ఆలోచించి తేల్చారు. ఆసుపత్రి ఆగకూడదు. పాలు, కూరలు, చేపలు ఆగకూడదు. రొయ్యలు అసలే ఆగకూడదు, అవి విదేశాలకు వెళ్లవలసినవి. చెత్త ఎత్తడం ఆగకూడదు. మద్యం దుకాణం ఆగితే శాంతిభద్రతలకు ఇబ్బంది కాబట్టి దాని ముందు సున్నంతో గుండ్రాలు గీసి, గుండ్రానికొక పౌరుణ్ణి నిలబెట్టి, ఎంతో క్రమశిక్షణతో నడిపించారు. ఆగినా పర్వాలేదని తేలినవి బడి, అంగన్‌వాడీ. పిల్లలు ఓటర్లు కారు, ఎగుమతి సరుకు అంతకన్నా కారు. వాళ్లు ఇంట్లో ఉంటారు, ఇంట్లో వాళ్లమ్మ ఉంటుంది. వాళ్లమ్మ ఇంట్లో లేకపోతే ఎలాగన్న ప్రశ్న ఏ సమావేశంలోనూ రాలేదు. ఆ సమావేశాలకు వచ్చినవాళ్లందరి ఇళ్లలోనూ ఎవరో ఒకరు ఉన్నారు మరి.

వినీల కోవిడ్ వార్డులో కాంట్రాక్టు నర్సు. ఆగకూడని పనుల్లో మొట్టమొదటిది ఆమెదే. భర్త హనోకు రొయ్యల లారీ డ్రైవరు. ముదినేపల్లి చెరువుల దగ్గర ఐసు పెట్టెలు ఎక్కించుకుని చెన్నై దాకా వెళ్తాడు. రొయ్యకి ఆగే వీలు లేదు కాబట్టి అతనికీ లేదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ దేశానికి అత్యవసరం కావడం ఒక కుటుంబానికి ఎంత గర్వకారణమో వేరే చెప్పాలా! కాకపోతే వాళ్లకి నాలుగేళ్లు నిండని కెజియా అనే కూతురుంది. ఆ పిల్లకి అన్నం కలిపి పెట్టడానికి, పడితే లేవదీయడానికి ఒక మనిషి కావాలి. ఆ పనిని ఎవరూ అత్యవసర సేవల్లో చేర్చలేదు.

మొదట్లో వినీల పిల్లని తన తల్లి రాజమ్మ దగ్గర దింపుదామని గూడూరు పక్కనున్న పల్లెకి తీసుకెళ్లింది. పల్లెవాళ్లు పొలిమేరలో తుమ్మకంప అడ్డం వేసుకుని కాపలా కూర్చున్నారు. అందులో ఒక పెద్దమనిషి కంపకి అవతల నుంచే చేతులు జోడించాడు. "అమ్మాయ్, నువ్వంటే మాకు చాలా గౌరవం. మొన్న టీవీలో నర్సుల్ని చూసి మా ఆవిడ ఏడ్చింది కూడా. పిల్లని మాత్రం వెనక్కి తీసుకెళ్లమ్మా" అన్నాడు. రాజమ్మ ఆయన వెనకాల నిలబడి మనవరాలిని చూసి చెయ్యి ఊపింది. కెజియా కూడా ఊపింది. గౌరవం నిండుగా అందుకుని తల్లీకూతుళ్లు అదే ఆటోలో బందరు వచ్చేశారు.

దానివల్ల వినీల ఒకసారి డ్యూటీకి వెళ్లలేకపోయింది. తర్వాత ఇంకోసారి. హెడ్ నర్సు ఆనందమ్మ పక్కకి పిలిచి, "మూడోసారి రాకపోతే నీ పేరు తీసేస్తారు వినీలా. నా చేతిలో లేదు" అని చెప్పింది. ఉద్యోగం ఉండాలంటే పిల్లని ఎక్కడో పెట్టాలి. ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. హనోకు లారీ దిగిన రోజుల్లో అతని దగ్గర వదిలి, లేని రోజుల్లో తోటి నర్సులతో డ్యూటీలు మార్చుకుని ఎలాగో నెట్టుకొస్తోంది.

సరిగ్గా అప్పుడే సమాజం మేలుకుంది.

పూర్ణచంద్రరావు గారు రిటైరైన హెడ్మాస్టరు. కరోనా వల్ల ఆ ఊళ్లో అందరికంటే నష్టపోయింది ఆయనేనని చెప్పాలి. నెలల తరబడి ఒక్క సభ లేదు, ఒక్క శాలువా లేదు, మైకు ముట్టుకుని ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు. ఆ బాధలోంచి 'కరోనా యోధుల సంతాన సంరక్షణ సంఘం' పుట్టింది. ఆయనే అధ్యక్షుడు. గిలకలదిండి రేవులో నాలుగు పెద్ద పడవలున్న నాంచారయ్య తన వలల షెడ్డు ఇచ్చాడు. ఒక ఫర్నిచరు కొట్టాయన ఫ్యాన్లు, జనరేటరు ఇచ్చాడు. చర్చి కోశాధికారి శామ్యూల్ రాజ్ సండే స్కూలు చాపలు, ఆటబొమ్మలు పంపించాడు. ఒక ఆయాని కూడా పెట్టారు. అన్నీ మంచి పనులే. ఎవరినీ తప్పుపట్టడానికి వీల్లేదు.

ప్రారంభోత్సవం దూరం పాటిస్తూనే ఘనంగా జరిగింది. దూరం పాటించాలి గనక పిల్లల్ని రావద్దన్నారు. పూర్ణచంద్రరావు గారు మాస్కు గడ్డం కిందికి లాక్కుని ఇలా సెలవిచ్చారు: "తల్లి దేశం కోసం పోరాడుతుంటే బిడ్డ బాధ్యత ఎవరిది? సమాజానిది! సమాజం అంటే ఎవరు? మనం! మనం అంటే ఎవరు?" ఈ చివరి ప్రశ్నకి ఆయనే సమాధానం చెబుతారని అందరూ ఎదురు చూశారు గానీ, కర్ఫ్యూ వేళ అవుతోందని ఎవరో చెప్పడంతో ఆయన కూర్చున్నారు.

షెడ్డులో ఇరవై మంది పిల్లలకు చోటుంది. అడిగినవాళ్లు అంతకు ఎన్నో రెట్లున్నారు. నర్సులు, వీధులు ఊడ్చేవాళ్లు, చేపల గంపలు ఎత్తేవాళ్లు, రొయ్యలు ఒలిచేవాళ్లు. ఎవరికివ్వాలి? దీని మీద పెద్ద సమావేశం పెట్టారు. వినీల డ్యూటీకి వెళ్తూ వెళ్తూ వచ్చి, గుమ్మం దగ్గర నిలబడింది. ఆమెకి కుర్చీ వేశారు గానీ అది రోడ్డు మీద వేశారు.

పిల్లలకు పరీక్ష పెట్టి మార్కుల ప్రకారం చోటివ్వాలని పూర్ణచంద్రరావు గారు ప్రతిపాదించారు. ప్రార్థన చేసి చీట్లు తీద్దామని శామ్యూల్ రాజ్ అన్నాడు. రెండూ వీగిపోయాక నాంచారయ్య గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, మీరంతా చదువుకున్నోళ్లు. నేను సముద్రం మీద బతికినోణ్ణి. మా తాతల కాలం నుంచీ పడవ ఒడ్డుకొచ్చాక చేపలు పంచుకుంటానే ఉన్నాం. ఏనాడన్నా కొట్టుకున్నామా? మాకో పద్ధతుందండీ. ముందు పడవకి సగం వాటా. తర్వాత ఇంజనుకి, వలకి. పడవ నడిపే సరంగుకి రెండు వాటాలు. మిగిలింది వల లాగే కళాసీలందరికీ సమానంగా. సమానంగా అండీ! ఒక్క చేప తేడా రాదు. దేవుడు దిగొచ్చినా ఇంతకంటే న్యాయంగా పంచలేడు."

సభ చప్పట్లతో దద్దరిల్లింది. ఎంత దేశీయం, ఎంత ప్రాచీనం! పడవలో పనిచేసేవాడికి చేప ఎంత ముఖ్యమో, పనిచేసే తల్లికి పిల్లని పెట్టుకునే చోటు అంత ముఖ్యం కాబట్టి చేపల పద్ధతే పిల్లలకూ సరిపోతుందని పూర్ణచంద్రరావు గారు విశ్లేషించారు. షెడ్డును పడవగాను, ఫ్యాన్లను జనరేటరును ఇంజనుగాను, చాపలను బొమ్మలను వలగాను, సంఘాన్ని నడిపే అధ్యక్షులవారిని సరంగుగాను ఏకగ్రీవంగా గుర్తించారు. తల్లులు కళాసీలు.

గుమ్మం దగ్గర నుంచి వినీల చెయ్యెత్తింది. "అయ్యా, పడవకి పిల్లలుండరు కదండీ?"

"పడవకి ఉండరమ్మా" అన్నాడు నాంచారయ్య శాంతంగా. "పడవ గలాయనకి ఉంటారు."

దీంతో అనుమానాలన్నీ తీరిపోయాయి. సముద్రంలో పడవకి తుఫాను భయముంది, పగిలితే బాగుచేయించాలి, అందుకే దానికి వాటా. షెడ్డు ఏ సముద్రంలోకీ వెళ్లదు, మునగదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అంత మంచి పద్ధతిని పట్టుకుని తరచి చూడటం మర్యాద కాదు.

పంపకం ఆ వారంలోనే పూర్తయింది. షెడ్డు వాటాకి పది చోట్లు వచ్చాయి. నాంచారయ్య మనవలు, మనవరాళ్లు ఎంత లెక్కేసినా పదిమంది కాలేదు. ఒక న్యాయమైన పద్ధతిని సగంలో వదలకూడదని గుడివాడ నుంచి మేనల్లుణ్ణి పిల్లలతో సహా ప్రత్యేక పాసు మీద రప్పించారు. ఆ పిల్లల తల్లులందరూ ఇంట్లోనే ఉన్నారు. అయితే మాత్రం? పడవ ఏనాడైనా నా చేప నాకొద్దు అందా? ఇంజను వాటా ఫర్నిచరు కొట్టాయన కుటుంబానికి వెళ్లింది. వల వాటా చర్చికి వచ్చింది. శామ్యూల్ రాజ్ దాన్ని ఉపవాస ప్రార్థనలో పెట్టి, ఎక్కువగా చర్చి పెద్దల మనవలకి ఇవ్వాలని ప్రేరేపణ పొందాడు. సరంగుగా అధ్యక్షులవారికి రెండు చోట్లు. ఆయనకి మనవడు ఒక్కడే. రెండో చోటు మనవడి మూడు చక్రాల సైకిలుకి కేటాయించారు.

వినీలది కూడా ఆ చర్చే. కెజియాకి ఆ చాపల మీదే బైబిలు కథలు చెప్పేవాళ్లు. ఆమె వెళ్లి శామ్యూల్ రాజ్‌ని అడిగింది.

"సిస్టర్, నువ్వు కళాసీల లెక్కలోకి వస్తావు" అన్నాడాయన. "అక్కడా అడిగి, ఇక్కడా అడగడం విశ్వాసికి తగదు. నీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాం."

"ప్రార్థన చేసేటప్పుడు కెజియాని పక్కన కూర్చోబెట్టుకుంటారా అన్నయ్యా?" అంది వినీల. ఆయన నొచ్చుకున్నాడు.

అన్ని వాటాలూ పోగా కళాసీలకి మిగిలింది ఒక్క చోటు. చెప్పిన మాట ప్రకారం దాన్ని తల్లులందరికీ సమానంగా పంచారు. ఒక్కొక్కరికి నెలకి ఒక పూట. ఒక్క గంట తేడా రాలేదు. వినీలకి గురువారం ఉదయం వచ్చింది. ఆ గురువారం ఆమెకి డ్యూటీ మధ్యాహ్నం.

అయినా వెళ్లింది. వచ్చిన న్యాయాన్ని వదులుకుంటే మళ్లీ ఇవ్వరేమోనని భయం. అక్కడ తెలిసిందేమిటంటే, వైరస్ సోకే పనుల్లో ఉన్నవాళ్ల పిల్లలు లోపలికి రాకూడదు, వసారాలో కూర్చోవాలి. ఈ నియమం వల్ల కరోనా యోధుల సంతాన సంరక్షణ కేంద్రంలోకి కరోనా యోధుల సంతానం రాకుండా చక్కటి జాగ్రత్త తీసుకున్నట్టయింది. ఆ రోజు ఆయా రాలేదు. "నువ్వెలాగూ నర్సువే కదమ్మా, పిల్లలకి జ్వరాలు చూసి, పాలు కాచి పెట్టు" అన్నారు. వినీల షెడ్డు వాటా పిల్లలకీ ఇంజను వాటా పిల్లలకీ జ్వరం చూసింది, ముక్కులు తుడిచింది, సైకిలు పక్కకి జరపకూడదంటే దాని చుట్టూ తిరిగింది. కెజియా వసారాలో తల్లి కొంగు దొరికినప్పుడల్లా పట్టుకుంది. సంఘం లెక్కలో ఆ పూట కెజియాకి సంరక్షణ అందింది. నిజంగానే అందింది, వాళ్లమ్మే చేసింది.

ఆ వసారాలోనే ఆమెకి అంకమ్మ కలిసింది. అంకమ్మ తెల్లారకుండా రేవుకెళ్లి వేలంలో చేపలు కొనుక్కుని, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి, మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. మొగుడు నాంచారయ్య పడవలోనే కళాసీ. కొడుకు అయ్యప్పకి ఐదేళ్లు. తన పూట ఎప్పుడో కనుక్కోవడానికి వచ్చింది.

"సమానంగా పంచారంట కదా" అని నవ్వింది అంకమ్మ. "మా ఆయన ఇరవయ్యేళ్లుగా సమానంగానే తెచ్చుకుంటన్నాడు చెల్లీ. కూరకి సరిపోద్ది. నీకు పొద్దున్న ఖాళీ, నాకు మధ్యానం ఖాళీ. నా పిల్లోణ్ణి పొద్దున్న నువ్వు చూడు, నీ పిల్లని మధ్యానం నాకాడ వదిలేసి పో. ఈళ్లందరూ దేనికి?"

"నేను కోవిడ్ వార్డులో చేస్తానక్కా. భయం లేదా?"

"నువ్వు తానం చేసే కదా పిల్లని ముట్టుకునేది. ఊళ్లో నా చేపలు కొనేవోళ్లంతా డబ్బులు గుమ్మం మీదికి ఇసిరేస్తన్నారు. భయం చూసీ చూసీ అలవాటైపోయింది."

అలా మొదలైంది. వినీల డ్యూటీ ఉదయానికి మారినప్పుడు, తెల్లవారుజామునే వీధులు ఊడ్చి వచ్చే ప్రేమ తన ఇద్దరు పిల్లలతో కలిసింది. ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లు అందరి పిల్లల్నీ చూసేవాళ్లు. అంకమ్మ ఇంటి ముందు రేకుల పందిరి, కింద రెండు చాపలు, ఒక మూలన బోర్లించిన చేపల గంప. కెజియా కొద్దిరోజుల్లోనే చందువ చేపకి, పండుగప్పకి తేడా చెప్పసాగింది. అయ్యప్ప అన్నం ముందు కళ్లు మూసుకుని ఆమెన్ అనడం నేర్చుకున్నాడు. వినీల వార్డులో పూర్తిగా ఆరు గంటలు, మనసు ఇంకెక్కడా పెట్టకుండా, మనుషుల్ని చూసుకుంది. ఆ కాలంలో ఆమెకి దొరికిన సుఖం అదొక్కటే.

ఇక్కడ సంఘానికి ఒక చిక్కు వచ్చిపడింది. తల్లులు తమ పూట వాడుకోవడం మానేశారు. కళాసీల చోటు ఖాళీగా కనిపిస్తోంది. పేపరాయన ఫొటోకి వచ్చి, "పేదవాళ్ల పిల్లలు ఎవరన్నా ఉన్నారాండీ?" అని అడిగితే చూపించడానికి ఒక్కరూ లేరు. సైకిలుని చూపించలేరు. అంత కష్టపడి పంచిపెట్టిన న్యాయాన్ని తల్లులు ఇలా తోసిరాజనడం పూర్ణచంద్రరావు గారిని కలచివేసింది. విచారణ జరిపి పందిరి సంగతి కనిపెట్టారు.

మర్నాడే సంఘం తనిఖీకి వెళ్లింది. కాలితో తొక్కితే చేతిలో పడే శానిటైజరు స్టాండు లేదు. బ్యానరు లేదు. చేపల వాసన ఉంది. నర్సు బిడ్డ, పాకీ పనివాళ్ల బిడ్డలు, చేపలవాళ్ల బిడ్డ ఒకే చాప మీద ఉన్నారు.

"దీన్ని ఎవరు ప్రారంభించారు?" అని గద్దించారు పూర్ణచంద్రరావు గారు.

"ఎవరూ పారంభించలేదండీ. పిల్లలు ఏడుస్తంటే మొదలయ్యింది" అంది అంకమ్మ.

నాంచారయ్య కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడడు. రేవులో పెద్దల చేత ఒక కట్టుబాటు పెట్టించాడంతే. పందిరి తీసేదాకా అంకమ్మ వేలంలో పాట పాడకూడదు, ఆమె మొగుడు పడవ ఎక్కకూడదు. అందరూ ఒకే పద్ధతిలో ఉండాలి, లేకపోతే ఊరు ఊరుగా ఉండదు అన్నాడు. అందరూ అవునన్నారు.

తెల్లారి వినీల పిల్లని ఎత్తుకుని వెళ్లేసరికి పందిరి కింద చాపలు లేవు. అంకమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. "కోపం తెచ్చుకోకు చెల్లీ. ఆయన్ని పడవ ఎక్కనీటం లేదు" అంది, తలెత్తకుండా. వినీలకి ఆమె మీద కోపం రాలేదు. ఒళ్లు మండింది గానీ అది అంకమ్మ మీద కాదు. హనోకు చెన్నై దారిలో ఉన్నాడు. ప్రేమ ఇంటికి వెళ్లింది. ప్రేమకీ మునిసిపాలిటీలో పని పోతుందని మాట చేరింది. ఇంటి ఓనరు గారిని అడిగితే కిటికీలోంచి దండం పెట్టారు. డ్యూటీ వేళ దగ్గరపడుతుంటే యూనిఫాం మీదే షెడ్డుకి వెళ్లింది. అక్కడ నాంచారయ్య, పూర్ణచంద్రరావు గారు సంఘానికి అవార్డు వచ్చే విషయం మాట్లాడుకుంటున్నారు.

"అయ్యా, ఈ ఒక్క మధ్యాహ్నం" అంది వినీల. "నేను వెళ్లకపోతే నా ఉద్యోగం పోతుంది. సైకిలు పెట్టిన చోట కూర్చుంటుంది, అల్లరి చెయ్యదు. వసారాలో అయినా సరే."

పూర్ణచంద్రరావు గారికి కళ్లు చెమర్చాయి. ఆయనది మెత్తని మనసు. "అమ్మా, నీ బాధ నాకు తెలుసు. కానీ అది సరంగు వాటా. ఇవాళ నీ కోసం సైకిలు జరిపితే రేపు అందరూ జరపమంటారు. పద్ధతి చెడితే చివరికి నష్టపోయేది మీ కళాసీలే" అన్నారు. "మీ పూట మళ్లీ వచ్చే నెల ఉంది కదా" అని నాంచారయ్య గుర్తుచేశాడు.

ఆ మధ్యాహ్నం వినీల వార్డుకి వెళ్లలేదు. సాయంత్రానికి పేరు తీసేశారు. ముగ్గురు చెయ్యవలసిన పని ఇద్దరు చేశారనీ, కిటికీ పక్క మంచం మీది పెద్దాయన మంచినీళ్లు అడిగి అడిగి ఊరుకున్నాడనీ ఆనందమ్మ ఫోనులో చెప్పింది. తర్వాత ఏమైందని వినీల అడగలేదు. ఊళ్లో మాత్రం, జీతాలు తీసుకుంటూ ఈ కాలం నర్సులకి సేవాభావం లేకుండా పోయిందని బాధపడ్డారు.

అయితే సంఘం ఎవరినీ మర్చిపోదు. కొద్దిరోజులకి గుడివాడ మేనల్లుడు తిరిగి వెళ్లిపోవడంతో షెడ్డు వాటాలో చోటు ఖాళీ అయింది. వినీల ఇప్పుడు ఆసుపత్రిలో లేదు, కాబట్టి ఆమె బిడ్డ వల్ల ప్రమాదం లేదు. అన్ని అర్హతలూ ఉన్నాయి. నాంచారయ్య పెద్దమనసు చేసుకుని కెజియాకి ఆ చోటిచ్చాడు. నెలకి ఒక పూట కాదు, రోజూ, ఉదయం నుంచి సాయంత్రం దాకా, లోపల, ఫ్యాను కింద. తల్లి ఉద్యోగం పోగానే బిడ్డకి చోటు దొరకడం చూస్తే సంఘం ఎంత పకడ్బందీగా పనిచేస్తోందో ఎవరికైనా అర్థమవుతుంది.

పేపరాయన వచ్చి ఫొటో తీసుకున్నాడు. పూర్ణచంద్రరావు గారి ఒళ్లో కెజియా, పక్కన నాంచారయ్య, వెనక బ్యానరు. వినీల కూడా నిలబడింది గానీ అచ్చులో ఆమె ఉన్న అంచు కత్తిరించేశారు. ఆమె పిల్లని అక్కడ దింపి ఇంటికి వెళ్లింది. ఉతికి ఆరేసిన తెల్ల యూనిఫాం తీసి మడత పెట్టింది. పొద్దున్న తొమ్మిదింటికి చెయ్యడానికి ఆమెకి పనేమీ లేదు. హనోకు చెన్నై నుంచి ఫోను చేసి పాప ఎలా ఉందని అడిగితే, "పాపకి చాలా బాగుంది" అంది.

ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు. పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు విప్పి, పిల్ల ముద్దుగా ఉందనుకుని, లోకంలో ఇంకా మంచివాళ్లు ఉన్నారని సంతోషించి, నలుగురికీ వాట్సాప్‌లో పంపారు. అంతలో మీ పనిమనిషి వచ్చింది. అరగంట ఆలస్యం. రోజూ ఇలా అయితే ఎలా అని అడిగారు మీరు, న్యాయంగానే. "పిల్లోణ్ణి ఎక్కడా ఉంచుకోటం లేదమ్మా, అందుకని..." అంటూ ఆవిడ ఏదో చెప్పబోయింది. సర్లే, ముందు గిన్నెలు చూడు, ఎండిపోతున్నాయి అన్నారు మీరు.